ఊరి మాస్టర్ ప్లాన్‌ను కొత్తగా రాయడం ఎలా: ముందు నీళ్ళు, తర్వాత బస్సు, ఆ తర్వాతే ఇళ్ళు

ఏ మున్సిపల్ ఆఫీసుకైనా వెళ్ళి టౌన్ ప్లానింగ్ గదిలోకి తొంగి చూడండి. గోడకు ఒక రంగుల మ్యాపు వేలాడుతూ ఉంటుంది, అదే ఊరి మాస్టర్ ప్లాన్. పసుపు ఇళ్ళకు, నీలం దుకాణాలకు, ఊదా ఫ్యాక్టరీలకు, ఎరుపు బడులకూ ఆస్పత్రులకూ. అంచులు చిరిగి ఉంటాయి, రంగులు వెలిసిపోయి ఉంటాయి. కిటికీలోంచి బయటికి చూస్తే కనిపించే ఊరికీ, ఆ మ్యాపులోని ఊరికీ పోలికే ఉండదు. వరంగల్‌నే తీసుకోండి. 1972 నాటి ప్లాన్ తర్వాత, 2041 పేరుతో వేసిన కొత్త ప్లాన్‌కు ఆమోదం వచ్చేసరికి 2024 నవంబరు అయింది. మధ్యలో గడిచిన యాభై ఏళ్ళలో ఊరు తన దారి తాను చూసుకుంది.

ఈ గైడ్ లక్ష నుంచి మూడు నాలుగు లక్షల జనాభా ఉన్న తెలుగు పట్టణం కోసం. ప్లాన్ తయారుచేసే టౌన్ ప్లానింగ్ సిబ్బందికి, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్ర ప్లానర్లకు, కౌన్సిలర్లకు, తమ కాలనీ మీద ఏ రంగు పడుతుందోనని టెన్షన్ పడే అసోసియేషన్ వాళ్ళకు కూడా పనికొస్తుంది. మామూలుగా ఆఫీసుల్లో పని రంగులతో మొదలవుతుంది. నేను ఆ వరస తిప్పమంటాను. మొదట నీళ్ళు ఎక్కడికి పోవాలో తేల్చండి, తర్వాత బస్సు ఎక్కడ తిరగాలో తేల్చండి, ఇళ్ళు ఎక్కడో అప్పుడు చూద్దాం. ఇళ్ళ గురించి బేరమాడొచ్చు, రోడ్డును కొంచెం పక్కకు జరపొచ్చు. వాగుతో మాత్రం బేరం కుదరదు.

మొదలుపెట్టే ముందు: ఏ చట్టం, ఎవరి సంతకం

దీని మీద ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు గానీ, తప్పు చట్టం కింద నోటిఫికేషన్ ఇస్తే మూడేళ్ళ పని కోర్టులో ఆగిపోతుంది. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో లేని మున్సిపాలిటీకి 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం ఉంది. సంస్థ పరిధిలో ఉంటే తెలంగాణలో 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2016 చట్టం వర్తిస్తాయి. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకు 2008లో విడిగా చట్టం వచ్చింది. మీ ఊరు దేని కిందికి వస్తుందో కమిషనర్‌తో రాతపూర్వకంగా తేల్చుకుని, ఆ కాగితాన్ని ఫైల్లో మొదటి పేజీగా పెట్టండి.

1. పాత ప్లాన్‌కు పోస్టుమార్టం

కన్సల్టెంట్లు చాలామంది దీన్ని రెండు పేజీల్లో ముగిస్తారు. నన్నడిగితే నెల రోజులు ఇవ్వాలి. పాత ప్లాన్‌లో గీసిన ప్రతి రోడ్డునూ ఒక చిట్టాలో రాసి, ఎదురుగా అది వేశారా, సగం వేశారా, అసలు మొదలే కాలేదా అని నింపండి. వేయని రోడ్ల చిట్టా పొడవుగానే ఉంటుంది, కంగారు పడొద్దు. ఎందుకు వేయలేదన్నదే అసలు సమాచారం. డబ్బులు లేకనా, భూసేకరణ కుదరకనా, గీసినవాళ్ళకే అవసరం తెలియకనా?

తర్వాత రెండు రిజిస్టర్లు తెప్పించండి. మొదటిది ల్యాండ్ యూజ్ మార్పు కోసం వచ్చిన దరఖాస్తులది, అందరూ సీఎల్‌యూ అంటారు. ఏ సర్వే నంబరు దేని నుంచి దేనికి మారిందో మ్యాపు మీద చుక్కలు పెడుతూ పొండి. ఒకే వైపు చుక్కలు గుంపు కట్టాయంటే పాత ప్లాన్ అక్కడ ఓడిపోయిందన్నమాట. రెండోది అనుమతిలేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ, అంటే ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తులది. తెలంగాణలో 2020 ఎల్‌ఆర్‌ఎస్‌కు దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తూ ప్లాన్ చూపించిన చోట కాక, తన స్తోమతకు అందిన చోట ప్లాటు కొనుక్కున్న ఒక కుటుంబానిది. ఆ దరఖాస్తులను మ్యాపు మీదికి ఎక్కిస్తే, ఏ కన్సల్టెంటూ చెప్పలేనంత స్పష్టంగా ఊరు ఎటు పెరుగుతోందో తెలుస్తుంది.

2. బేస్ మ్యాప్: సర్వే నంబరు తప్పితే అంతా తప్పినట్టే

పట్టణాల కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకం కింద, కంప్యూటర్ మ్యాపుల మీద చేసే (జీఐఎస్) మాస్టర్ ప్లాన్లకు 1:4000 స్కేలు పెట్టుకున్నారు. ఆ స్కేలులో కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 4 మీటర్లు. పెన్ను కొంచెం జారితే ఒక గది గోడ పోతుంది.

శాటిలైట్ బొమ్మ మీద గ్రామ నక్షాను పరచడం అసలు పని. ఆంధ్ర ప్రాంతంలో ఎఫ్‌ఎంబీలు, తెలంగాణలో టిప్పన్లు, అంటే సర్వే నంబరువారీ పొలం కొలతల పటాలు, తెచ్చుకుని, ఊరికి పది పన్నెండు చోట్ల పాత హద్దురాళ్ళను స్వయంగా చూసి సరిపెట్టాలి. ఆఫీసులో కూర్చుని కంప్యూటర్‌లో సాగదీస్తే కుదరదు.

ఇది నా సొంత అనుభవం. ఒక చిన్న ఊళ్ళో ఖాళీ చెలక మీదుగా 60 అడుగుల రోడ్డు గీశాం. మా దగ్గరున్న శాటిలైట్ బొమ్మ రెండేళ్ళ పాతది. తీరా వెళ్ళి చూస్తే అక్కడ ఓ వరస ఇళ్ళు లేచి ఉన్నాయి, ఒకింటి గుమ్మానికి గృహప్రవేశం మామిడాకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఆ ఇంటాయన కుర్చీలు వేయించి, మజ్జిగ ఇప్పించి, ‘మీ రోడ్డు మా దేవుడి గదిలోంచి పోతోందటగా సార్’ అన్నాడు. ఆయన కేకలేసినా బాగుండేది. ఆ రోజు నుంచి నేను నడిచి చూడని రోడ్డును గీయను.

జనాభా లెక్క దగ్గర ఇంకో చిక్కు. చేతిలో ఉన్న ఆఖరి పూర్తి జనగణన 2011ది. దాన్నే వడ్డీ లెక్కలా పెంచుకుంటూ పోతే వార్డుల లెక్క తారుమారవుతుంది. కరెంటు మీటర్లు, నల్లా కనెక్షన్లు, రేషన్ కార్డులు, ఓటర్ల జాబితా, బడుల్లో పిల్లల సంఖ్య, ఈ ఐదింటినీ వార్డువారీగా పక్కపక్కన పెట్టండి. ఏ ఒక్కటీ నిజం చెప్పదు, ఐదూ కలిస్తే చాలావరకు చెబుతాయి. మీటర్లు ఎక్కువుండి ఓటర్లు తక్కువున్న వార్డు ఉందంటే అక్కడ అద్దెవాళ్ళో, బయటి రాష్ట్రాల కూలీలో ఉన్నట్టు. ఇళ్ళ లెక్క దగ్గర వాళ్ళతో మళ్ళీ పని పడుతుంది.

3. నీళ్ళు: చెరువు నుంచి చెరువుకు నడవండి

మన ఊళ్ళు గొలుసుకట్టు చెరువుల మీద పుట్టాయి. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు, అది నిండితే ఇంకో చెరువుకు. చెరువు మిగిలినచోట కూడా మధ్యనున్న కాలువ మాయమవుతుంది. ప్లాన్లలో చెరువుకు నీలం రంగు వేస్తారు, కాలువను వదిలేస్తారు. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీలు ఎందుకు మునిగాయో, 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్‌లో జనం రోజుల తరబడి మేడల మీద ఎందుకు ఉండాల్సి వచ్చిందో ఆ నాలాల, వాగుల వెంట నడిస్తే తెలుస్తుంది. నీరు పల్లమెరుగు అంటారు. ఆ పల్లంలో మనం ప్లాట్లు అమ్ముకున్నాం.

పని ఇలా చేయండి. మే నెలలో, నేల పొడిగా ఉన్నప్పుడు, ఇరిగేషన్ ఏఈని, రెవెన్యూ సర్వేయర్‌ను, ఊళ్ళో పాత నీరటి కుటుంబం (చెరువు నీళ్ళు వదిలే పని చేసినవాళ్ళు) ఉంటే వాళ్ళలో పెద్దాయనను వెంటబెట్టుకుని అలుగు దగ్గర మొదలుపెట్టి కింది చెరువు దాకా నడవండి. నీరటి లేకపోతే చేపలు పట్టేవాళ్ళను అడగండి. ‘ఇక్కడ తూము ఉండేది, ఇదిగో ఈ ఫంక్షన్ హాలు వెనకనుంచి పారేది’ అని చేత్తో చూపిస్తారు. ఫోన్‌లో జీపీఎస్ గుర్తు పెట్టుకోండి, ఫొటో తీయండి. ఇరవై అడుగుల కాలువ ఒక ప్రహరీ దగ్గరకు వచ్చి రెండడుగుల సిమెంటు పైపులోకి దూరడం కనిపిస్తుంది. దాన్ని ఎర్ర చుక్కతో గుర్తించండి.

తర్వాత పల్లపు కాలనీల్లో గోడలు చూడండి. ఒకింట్లో స్విచ్‌బోర్డు కింద వరకు సున్నం ఒక రంగులో, పైన ఇంకో రంగులో ఉంది. ఫ్రిజ్ నాలుగు సిమెంటు ఇటుకల మీద నిలబడి ఉంది. ‘ఎప్పుడు పెట్టారమ్మా ఇటుకలు’ అంటే, ‘రెండోసారి మునిగాక సార్, మొదటిసారి తెలియలేదు’ అందావిడ. నేల నుంచి ఆ గీత దాకా టేపు పెట్టి కొలవండి. అలాంటివి ఒక యాభై గీతలు దొరికితే వరద మ్యాపు చేతికొచ్చినట్టే. కంప్యూటర్ మోడల్ వచ్చాక దాన్ని ఈ గీతలతో సరిచూడాలి గానీ గీతలను మోడల్‌తో కాదు.

ఇక చట్టం చెప్పే బఫర్లు, అంటే నీటి అంచు వెంట కట్టడాలు లేకుండా వదలాల్సిన పట్టీలు. 2012 నాటి భవన నిబంధనలు, అంటే జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు చేరే) హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగుకూ నాలాకూ 9 మీటర్లు, చిన్నదానికి 2 మీటర్లు. నదికి మున్సిపల్ హద్దుల్లో 50 మీటర్లు, బయట 100. ఆంధ్రప్రదేశ్ 2017లో సొంత బిల్డింగ్ రూల్స్ తెచ్చుకుంది, రెండు రాష్ట్రాల్లోనూ సవరణలు వస్తుంటాయి, కాబట్టి తాజా జీవో దగ్గర పెట్టుకోండి.

ఈ అంకెలు తప్పనిసరిగా వదలాల్సిన కనీసం మాత్రమే. చిన్న నాలా పక్కన 2 మీటర్లు వదిలితే పూడిక తీసే జేసీబీ లోపలికే రాలేదు. అందుకే మాస్టర్ ప్లాన్‌లో ప్రధాన నాలాల వెంట ఒకవైపైనా బండి వెళ్ళేంత పచ్చటి పట్టీ గీయమంటాను. అదే పట్టీలో నడకదారి, సైకిల్ దారి వస్తాయి, చెట్లూ వస్తాయి. శిఖం భూముల దగ్గర, అంటే చెరువు లోపలి భూముల దగ్గర, గొడవ తప్పదు. పట్టాలున్నవాళ్ళు, సాగు చేసుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళ పేర్లు, సర్వే నంబర్లు ముందే రాసుకోండి, దాచితే తర్వాత పదింతలై వస్తుంది.

ఎండ సంగతి కూడా ఇక్కడే చూసేయాలి. శాటిలైట్ ఉష్ణోగ్రత మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి, కానీ వాటిని నమ్మే ముందు మే నెల మధ్యాహ్నం రేకుల ఇళ్ళ వాడలో ఒక గంట కూర్చోండి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పైకప్పు) విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్ళకు అది తప్పనిసరి. బాగానే ఉంది, కానీ 60 గజాల రేకుల ఇంట్లో ఉడికిపోయేవాడికి ఆ నిబంధన తగలదు. ప్లాన్‌లో అలాంటి వాడలను గుర్తించి, పైకప్పుకు తెల్ల పూత వేసే పనిని మున్సిపల్ బడ్జెట్‌లో పద్దుగా చూపించండి. ఊరికే ‘పచ్చదనం పెంచాలి’ అని రాస్తే ఎవరూ డబ్బులివ్వరు.

4. బస్సు: మెట్రో కలలు పక్కన పెట్టి షేర్ ఆటోలు లెక్కపెట్టండి

మూడు లక్షల ఊరికి మెట్రో కావాలని కౌన్సిల్ మీటింగులో ఎవరో ఒకరు అంటారు. నవ్వి ఊరుకోండి. 2017 నాటి కేంద్ర మెట్రో విధానమే ముందు సమగ్ర రవాణా ప్రణాళిక చూపించమంటుంది. మీ ఊరికి కావలసింది సమయానికి వచ్చే బస్సు.

లెక్క మూడు చోట్ల దొరుకుతుంది. ఆర్టీసీ డిపోలో టికెట్ మిషన్ల డేటా ఉంటుంది, డిపో మేనేజర్‌కు కమిషనర్ నుంచి లెటర్ తీసుకెళ్తే ఇస్తారు. ఒక జాగ్రత్త: తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. అంతకుముందు లెక్కలతో ఇప్పుడు రూట్లు గీస్తే తప్పుతారు. రెండోది షేర్ ఆటో అడ్డాలు. ఉదయం 8 నుంచి 10 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా డిగ్రీ పిల్లలను కూర్చోబెట్టి ఎన్ని ఆటోలు, ఒక్కోదాంట్లో ఎంతమంది, ఎటు అని రాయించండి. బస్సు లేనిచోట జనం తమకోసం తాము వేసుకున్న రూటు మ్యాపు ఆ ఆటోలదే. మూడోది ఇంటింటి సర్వే, వార్డుకు యాభై ఇళ్ళు చాలు. ఇంటి పెద్దను మాత్రమే అడిగితే బైకు ప్రయాణాలే వస్తాయి. కోడలిని, కాలేజీ అమ్మాయిని, ఆస్పత్రికి వెళ్ళే ముసలాయనను కూడా అడగమని సర్వే పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఈ మూడూ కలిపాక, ఊరంతటికీ రెండో మూడో ప్రధాన బస్సు దారులు తేలతాయి. వాటి మీద పది పదిహేను నిమిషాలకొక బస్సు నడిచేలా ప్లాన్ చేయండి. అరగంటకొక బస్సైతే జనం దాని మీద ఆశ పెట్టుకోరు. 2017 నాటి జాతీయ టీఓడీ విధానం, అంటే రవాణా చుట్టూ ఊరిని పెంచే విధానం, స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల పరిధిలో జనసాంద్రత పెంచమంటుంది. ఆ సూత్రం మంచి బస్సు స్టాపుకూ పనికొస్తుంది. కానీ మ్యాపు మీద వృత్తం గీసి ఊరుకోవద్దు. వృత్తంలో 400 మీటర్ల దూరంలో కనిపించే ఇల్లు, మధ్యలో రైలుపట్టా ఉంటే నడకలో కిలోమీటరున్నర అవుతుంది. స్టాపు నుంచి నడిచి, ఎక్కడిదాకా వెళ్తే ఏడెనిమిది నిమిషాలు అవుతుందో అక్కడ గుర్తు పెట్టుకోండి. అదే అసలు పరిధి.

ఇక్కడ మన రాష్ట్రాలకే ప్రత్యేకమైన ఓ సంగతి ఉంది. హైదరాబాద్‌లో 2006లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, ఎత్తేశారు. అప్పటి నుంచి భవనం ఎత్తును నిర్ణయించేది ప్రధానంగా ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం (సెట్‌బ్యాకులు). జీవో 168 కూడా అదే దారి. అంటే మీరు ఊరి చివర చెరువు పక్కన వంద అడుగుల రోడ్డు గీస్తే, రంగు ఏదైనా సరే, అక్కడ టవర్లు లేస్తాయి. బస్సు తిరిగే పాత బజారు 30 అడుగులే కనుక అక్కడ చిన్న ఇళ్ళే ఉండిపోతాయి. బస్సు ఒకచోట, జనం ఇంకోచోట. చాలామంది ప్లానర్లు రోడ్డు వెడల్పును ట్రాఫిక్ ఇంజనీరు పని అనుకుంటారు. మన దగ్గర రోడ్డు వెడల్పే ఎఫ్‌ఎస్‌ఐ. బస్సు దారి మీద పడే రోడ్లకు వెడల్పు ఇవ్వండి, పల్లంలోకి పోయే రోడ్లను సన్నగా ఉంచండి.

5. ఇళ్ళు: సొంతిల్లు కొనేవాళ్ళు మాత్రమే జనం కాదు

లెక్క సులువే. ఉదాహరణకు ఇవాళ 2 లక్షల జనాభా, ఇంటికి నలుగురు అనుకుందాం. 50 వేల ఇళ్ళు. ఇరవై ఏళ్ళకు 3 లక్షల 20 వేలు అవుతారని, అప్పటికి ఇంటికి సగటున 3.7 మంది ఉంటారని అంచనా. అప్పుడు సుమారు 86,500 ఇళ్ళు కావాలి, అంటే కొత్తగా 36,500. గమనించండి, ఊళ్ళోకి ఒక్కరు కూడా కొత్తగా రాకపోయినా, కుటుంబాలు చిన్నవి కావడం వల్లే 4 వేల ఇళ్ళు అదనంగా కావాలి. పడిపోయే దశలో ఉన్న ఇళ్ళు, ఒకే గదిలో రెండు కుటుంబాలున్న ఇళ్ళు దీనికి కలపాలి.

ఇప్పుడు భూమి. పెరిగే లక్షా 20 వేల మందిని హెక్టారుకు 125 మంది చొప్పున సర్దితే 960 హెక్టార్లు, అంటే దాదాపు 2,370 ఎకరాలు కావాలి. హెక్టారుకు 175 మందైతే 690 హెక్టార్ల లోపే, సుమారు 1,700 ఎకరాలు. తేడా 670 ఎకరాల పైమాటే. అంత పొలం మిగులుతుంది, అంత మేర పైపులైను, డ్రైనేజీ, బస్సు కిలోమీటర్లు తగ్గుతాయి. కౌన్సిల్‌కు ఈ ఒక్క పోలిక చూపించండి. ‘సాంద్రత’ అనే మాట వినగానే నిద్రపోయేవాళ్ళు ఎకరాల మాట వినగానే లేచి కూర్చుంటారు.

ప్లాన్లు తరచూ మర్చిపోయేది అద్దెవాళ్ళను. కింద ఓనరు, పైన రెండు పోర్షన్లు, మేడ మీద ఒక రేకుల గది, మన పట్టణాల్లో అద్దె ఇళ్ళంటే ఇవే. కొత్త జోనింగ్ నిబంధనలు రాసేటప్పుడు చిన్న ప్లాటు మీద ఇంకో అంతస్తు వేసుకోవడానికి, పార్కింగ్ స్థలం కొలతల్లో బస్సు దారి పక్కన కొంచెం వెసులుబాటు ఇవ్వడానికి వీలుందేమో చూడండి. బైకు కూడా లేని అద్దెవాడి కోసం కారు పార్కింగ్ కట్టించి, ఆ ఖర్చును అద్దెలో వసూలు చేయడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

పేదల ఇళ్ళ విషయంలో ఒక్కటే నియమం పెట్టుకోండి: బస్సు స్టాపు లేనిచోట స్థలం చూపించొద్దు. హైదరాబాద్ శివారున, సంగారెడ్డి జిల్లా కొల్లూరులో ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు కట్టారు, 2023 జూన్‌లో ప్రారంభించారు. నగరం నడిబొడ్డున ఇళ్ళల్లో పని చేసుకునే మనిషి అలాంటి చోటికి మారితే, తెల్లవారుజామున పనికి వెళ్ళడం ఎలా అన్నది ఇంటికన్నా పెద్ద ప్రశ్న. భూమి చవకని ఊరికి దూరంగా ఇస్తే ఆ మిగిలిన డబ్బును ఆ కుటుంబమే ఆటో కిరాయిగా నెలనెలా కడుతుంది.

6. మూడూ ఒకే కాగితం మీద

ఇప్పుడు రంగులు తీయండి. ముందుగా నీళ్ళ పొరను పరవండి: చెరువులు, కాలువలు, బఫర్లు, మునిగిన గీతలు. దాని మీద బస్సు నడక పరిధులు. ఈ రెండింటి మధ్య మిగిలిన భూమిలో ఎత్తుగా ఉండి, బస్సుకు దగ్గరగా ఉన్నదాన్ని మొదటి తరగతి అనుకుని అక్కడ ఇళ్ళు చిక్కగా రానివ్వండి. ఎత్తుగా ఉండి బస్సుకు దూరమైనదాన్ని బస్సు వచ్చేదాకా ఆపండి. బస్సుకు దగ్గరే అయినా మునిగే చోటు ఉంటే అదే అసలు పరీక్ష, ఎందుకంటే రియల్ ఎస్టేట్ ఒత్తిడి అంతా అక్కడే ఉంటుంది. అక్కడ పార్కు, ఆటస్థలం, వారపు సంత, రెండు రోజులు నీళ్ళు నిలిచినా ప్రాణం మీదికి రాని పనులు పెట్టండి. బడి, ఆస్పత్రి, సబ్‌స్టేషన్ మాత్రం ఎంత ఒత్తిడి వచ్చినా పెట్టొద్దు.

7. రోడ్డు గీసే ముందు రైతు దగ్గరికి

2023 జనవరిలో కామారెడ్డిలో ముసాయిదా ప్లాన్‌లో తమ పంట పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని రైతులు రోడ్డెక్కారు. బంద్, కలెక్టరేట్ ముట్టడి దాకా పోయింది. చివరకు అదే నెలలో కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే నెలలో అలాగే జరిగింది. ఏళ్ళ తరబడి చేసిన పని రోజుల్లో పోయింది. రంగు పడగానే భూమి పోదని, సాగు చేసుకోవచ్చని అధికారులు చెబుతారు. చట్టం ప్రకారం అది నిజమే కావచ్చు, కానీ ఊదా రంగు పడ్డ పొలాన్ని కూతురి పెళ్ళికి అమ్ముదామంటే కొనేవాడు ధర సగానికి అడుగుతాడు. రైతు భయం అదే, అది ఉత్త అపోహ కాదు.

కాబట్టి ముసాయిదా అచ్చుకు వెళ్ళకముందే విలీన గ్రామాల్లో రచ్చబండ దగ్గర కూర్చోండి. పవర్‌పాయింట్ వద్దు. గ్రామ నక్షా మీద గీసి, సర్వే నంబర్లు పైకి చదవండి. ‘212 నుంచి 218 దాకా 80 అడుగుల రోడ్డు’ అని వినపడగానే జనమే లేచి మాట్లాడతారు. పరిహారం సంగతి దాటేయొద్దు. రోడ్డుకు పోయే స్థలానికి టీడీఆర్, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు పత్రం, ఇస్తామంటే, దాన్ని ఎవరు కొంటారు, ఏ ధర పలుకుతోంది అన్నది చెప్పగలగాలి. చిన్న ఊళ్ళో కొనేవాడు లేని టీడీఆర్ పత్రం బీరువాలో కాగితమే. ల్యాండ్ పూలింగ్, అంటే పొలం ఇచ్చి బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు తీసుకోవడం, ఇంకో దారి. అమరావతిలో 2015లో మెట్ట ఎకరానికి 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, నీటి వసతున్న జరీబు భూమికైతే 1,000, 450 అని మాటిచ్చారు. లెక్క ఆకర్షణీయమే, కానీ 2019 తర్వాత పనులు ఆగినప్పుడు ఆ రైతులు పడ్డ యాతన అందరూ చూశారు. ప్లాట్లు ఎన్నాళ్ళకు చేతికొస్తాయో చెప్పలేనప్పుడు పూలింగ్ ఊసెత్తకండి.

8. ముసాయిదా, అభ్యంతరాలు

ముసాయిదాతో పాటు సర్వే నంబర్లవారీ పట్టికను తెలుగులో విడుదల చేయండి. పెద్ద ఇంగ్లిష్ ఫైలు ఒక్కటి పెట్టి చేతులు దులుపుకుంటే అభ్యంతరాలు రావు, ధర్నాలు వస్తాయి. వార్డు ఆఫీసుల్లో, విలీన గ్రామాల పాత పంచాయతీ భవనాల్లో మ్యాపు తగిలించి, వారానికి రెండు సాయంత్రాలు వివరించే మనిషిని కూర్చోబెట్టండి. పగలు పెడితే కూలికి వెళ్ళేవాళ్ళు రాలేరు.

అభ్యంతరం రాసేవాళ్ళకు ఒక మాట. ‘మాకు అన్యాయం జరిగింది’ అని మొదలుపెట్టి మూడు పేజీలు రాస్తే అటువైపు చదివేవాడు పక్కన పెడతాడు. ఇలా రాయండి:

‘మున్సిపల్ కమిషనర్ గారికి. విషయం: ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానా మీదుగా చూపిన 60 అడుగుల రోడ్డు గురించి. అయ్యా, పై సర్వే నంబరులో మేము ఫలానా తేదీన ఫలానా నంబరు అనుమతితో ఇల్లు కట్టుకున్నాము (ప్రతి జతపరిచాము). ప్లాన్‌లో ఈ ఇల్లు చూపలేదు. ఇదే రోడ్డును ఉత్తరాన ఉన్న బండ్లబాట మీదుగా తీసుకుంటే ఇళ్ళు పోవు (స్కెచ్ జతపరిచాము). స్థలం పరిశీలించి మార్చవలసిందిగా మనవి.’

సర్వే నంబరు, రుజువు, ఇంకో దారి, స్కెచ్. అంతే. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. ఆఖరు తేదీ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, చివరి రోజు దాకా ఆగొద్దు. ‘చెరువు బఫర్ అలాగే ఉంచండి, తగ్గించొద్దు’ అని కూడా రాయండి. తీసేయమని వంద లెటర్లు వచ్చి, ఉంచమని ఒక్కటీ రాకపోతే ఆఫీసర్ ఎవరి మాట వింటాడు?

ఆఫీసులో ఉన్నవాళ్ళు ప్రతి అభ్యంతరానికీ వరస నంబరు వేసి, స్థలం చూసిన తేదీ, తీసుకున్న నిర్ణయం, కారణం రాసి రిజిస్టర్ నింపాలి. కారణం గడి ఖాళీగా ఉంటే కోర్టులో మొదట పట్టుకునేది అదే.

9. ఆమోదం, ఆ తర్వాత

కౌన్సిల్ తీర్మానం, రాష్ట్ర టౌన్ ప్లానింగ్ డైరెక్టరేట్ (డీటీసీపీ) పరిశీలన, ప్రభుత్వ జీవో. ఈ దశలో మీ చేతిలో ఉన్నది తక్కువ, ఫైలు ఎక్కడుందో అడుగుతూ ఉండటమే. జీవో వచ్చాక మాత్రం ముసాయిదాకూ ఆమోదించిన మ్యాపుకూ తేడాలు పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో ఏ బఫర్ సన్నబడిందో, ఏ రోడ్డు వంకర తిరిగిందో అక్కడ బయటపడుతుంది.

ఆమోదించిన ప్లాన్‌ను ఏటా బడ్జెట్‌కు కట్టకపోతే మళ్ళీ గోడ మీది రంగుల బొమ్మే. ప్రతి జనవరిలో, బడ్జెట్ తయారీకి ముందు, నాలుగు అంకెలు కౌన్సిల్ ముందు పెట్టండి: బస్సు స్టాపు నడక పరిధిలో కొత్తగా ఎన్ని ఇళ్ళకు అనుమతి ఇచ్చారు, పరిధి బయట ఎన్నింటికి, బఫర్లలో ఎన్నింటికి, ల్యాండ్ యూజ్ మార్పులు ఎన్ని. బఫర్ గడిలో సున్నా కాక వేరే అంకె ఉంటే ఆ ఫైళ్ళు అదే మీటింగులో తెరిపించండి.

మే నెల నడక కూడా ఏటా ఉండాలి. అదే అలుగు, అదే కాలువ, వీలైతే అదే పెద్దాయన. కిందటేడు లేని గోడ ఎక్కడ లేచిందో మ్యాపు మీద గుర్తు పెట్టుకుంటూ రండి. జెల్ పెన్ను తీసుకెళ్ళకండి, అకాల వాన పడితే సిరా కారిపోతుంది. పెన్సిల్ చాలు.